చాలన్న చెయ్యి

మద్దిలేటికి ఎలుకల మీద కోపం వచ్చింది. ఎవరి మీదో రావలసిన కోపం ఎలుకల మీదికి మళ్ళడం పరిశోధనశాలల్లో మామూలే.

అతను తిరుపతిలో సత్యానందం మాస్టారి దగ్గర క్షయ మీద పనిచేస్తున్నాడు. వాళ్ళ నాయన సుంకన్న బేతంచెర్ల బస్టాండులో టీ అమ్మేవాడు. క్షయ పట్టింది. మందులన్నీ తప్పకుండా మింగాడు, అయినా దక్కలేదు. అప్పటినుంచీ మద్దిలేటికి ఒక దోషి కావాలి. క్రిమి ఒక్కటే దోషి అంటే అతనికి తృప్తి లేదు. ఒంట్లో అంత సైన్యం ఉండి ఏం వెలగబెట్టినట్టు?

చివరికి దోషి దొరికిందనుకున్నాడు. క్రిమి మీదికి పోరుకు వెళ్ళే తెల్లకణాల ఒంటిమీద పీడీ-వన్ అనే చిన్న అణువు ఉంటుంది. చుట్టుపక్కల కణాలు దాన్ని తాకితే చాలు, పోరాడే కణం చల్లబడి వెనక్కి తగ్గుతుంది. రోగుల నమూనాలు ఏవి చూసినా, జబ్బు ముదిరిన చోటల్లా ఆ అణువే దండిగా కనబడింది. మన సైన్యం చేతులు కట్టేస్తున్నది ఇదేనని మద్దిలేటి తేల్చేశాడు.

"ఇంటిదొంగ సార్ ఇది" అన్నాడు మాస్టారితో.

మాస్టారు "ఊఁ" అన్నారు. ఆ ఊఁకి అర్థమేమిటో ల్యాబులో ఎవరికీ తెలీదు, అడిగే ధైర్యమూ లేదు.

ఆ అణువును కప్పేసే మందొకటి తెప్పించి, క్షయ సోకిన ఎలుకలకు ఎక్కించాడు. ఇక లేచి గంతులేస్తాయనుకున్నాడు. మందు ఎక్కించని ఎలుకలు నీరసంగానైనా తిరుగుతూనే ఉన్నాయి. ఎక్కించినవి ఒకదాని వెనక ఒకటి చచ్చిపోయాయి.

సోమవారం కమిటీ ముందు ఫలితాలు చెప్పాలి. శనివారం మధ్యాహ్నం మద్దిలేటి మాస్టారి గది గుమ్మంలో నిలబడ్డాడు.

"మందు చెడిపోయింది సార్. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌లో పాడై ఉంటాది. ఈ ఎలుకల్ని తీసేసి, రోగుల నమూనాల పాత ఫలితాలే చెప్తా."

"ఊపిరితిత్తులు చూశావా?"

"చూసినా సార్. గాలి ఆడాల్సిన చోటంతా తెల్లకణాలే కిక్కిరిసిపోయినాయి. గట్టిపడి రాయి మాదిరి ఉండాయి. మందులో ఏదో విషం కలిసింటాది."

నాయన ఎక్స్‌రే చూసి డాక్టరు అన్నదీ అదే, గట్టిపడిపోయిందని. కఫంలో ఇక క్రిమి లేదని తేలిన తరవాత అన్నాడా మాట. మాస్టారికి ఆ సంగతి తెలుసు.

"అన్నం తిన్నావా?"

"లేదు సార్."

"అయితే పద."

ఆ ల్యాబులో ఒక ఆచారం ఉంది. శనివారం అందరూ కలిసే తినాలి, వడ్డన మాత్రం మాస్టారిదే. ఎవరూ సొంతంగా వడ్డించుకోకూడదు. వడ్డనలో ఆయన తరవాతే ఎవరైనా. ఎవరికి పప్పు అయిపోయిందో, ఎవరు మొహమాటపడుతున్నారో ఇట్టే పసిగడతారు. వద్దన్నా కొసరి కొసరి పెడతారు గానీ, కంచం మీద చెయ్యి అడ్డం పెడితే మాత్రం గరిటె గాల్లోనే ఆగిపోతుంది. మాస్టారి గరిటెకి కళ్ళున్నాయని రేష్మా అనే సీనియర్ అమ్మాయి వేళాకోళం చేస్తుంటుంది.

ఆరోజు దోసకాయ పప్పు, గోంగూర. మద్దిలేటి తిన్నాననిపించాడు. ఆఖరికి మాస్టారు మజ్జిగ చెంబు పట్టుకుని అతని పక్కకి వచ్చారు. వచ్చి, కళ్ళు మూసుకుని పోయడం మొదలుపెట్టారు.

మద్దిలేటి నోట్లో ముద్ద ఉంది. ఎప్పట్లాగే చెయ్యి అడ్డం పెట్టాడు. మజ్జిగ ఆగలేదు. వేళ్ళ సందుల్లోంచి కారింది, గోంగూరని తేల్చింది, కంచం పొర్లి బల్ల మీదికి, బల్ల మీంచి అతని ప్యాంటు మీదికి వచ్చింది. రేష్మా కెవ్వుమని గుడ్డ కోసం పరిగెత్తింది.

మద్దిలేటి ముద్ద మింగి లేచాడు. "సార్, సార్! చెయ్యి పెట్టినా కదా సార్!"

"పెట్టావా?" మాస్టారు కళ్ళు తెరవలేదు. "నాకు కనబళ్ళేదబ్బాయ్."

చెంబు ఖాళీ అయ్యాకే తెరిచారు.

అందరూ పగలబడి నవ్వారు. మద్దిలేటీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ తన చేతికేసి చూసుకుని ఆగిపోయాడు. మిగతావాళ్ళు కంచాలు తీసుకుని వెళ్ళిపోయినా అతను అక్కడే నిలబడి ఉన్నాడు. మజ్జిగ బొట్లు నేల మీద పడుతూనే ఉన్నాయి.

మాస్టారు గుడ్డ తీసుకుని కింద కూర్చుని తుడవసాగారు. "మజ్జిగంతా నేలపాలు చేశానని మా ఆవిడతో అనకు. నన్ను బతకనివ్వదు."

మద్దిలేటి కూడా కింద కూర్చున్నాడు. ఆయన చేతిలోని గుడ్డ తీసుకుని తనే తుడిచాడు. తుడుస్తుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అతను దాచుకోలేదు.

"తెల్లకణాలకి ఆపమనే చెప్పింటాది సార్ ఆ అణువు" అన్నాడు. "మా నాయన ఒంట్లో కూడా."

మాస్టారు అతని వీపు మీద చెయ్యి వేశారు.

"సోమవారం చచ్చిపోయిన ఎలుకల గురించే ముందు చెప్తా సార్."

"చెప్పు."

"మందు చెడిపోలేదు కదా సార్?"

"లేదు నాన్నా" అన్నారు మాస్టారు. "చాలా బాగా పనిచేసింది."