కోటగుమ్మం మీది ఎర్రచీర

అనగనగా గజకేతుడని ఒక రాజు. ఆయన మీసాలు పెద్దవి, అనుమానాలు ఇంకా పెద్దవి. వాళ్లింట్లో ఒక ఆచారం ఉండేది. పెళ్లయ్యాక రాణిగారి ఎర్రచీరను కోటగుమ్మానికి వేలాడదీసేవారు. ఊరంతా చూసి మురవాలి కదా. మళ్లీ ఆ ఇంట్లో పెళ్లయితే కొత్తకోడలు ఆ చీరే కట్టాలి.

ఇరవై ఐదేళ్లు గడిచాయి. చీర చూస్తే మజ్జిగలో ముంచి తీసినట్టుంది.

"ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడెవడో నా ఎరుపు ఎత్తుకుపోయాడు. దొంగ దొరికి చీర ఎర్రబడితేగాని ఈ ఇంట్లో పెళ్లిళ్లు లేవు," అన్నాడు రాజు.

ఆయనకు ముగ్గురు కొడుకులు. మూడోవాడు వసంతుడికి అద్దకాల నూకయ్య కూతురు కెంపమ్మ అంటే ప్రాణం. కెంపమ్మ తేల్చి చెప్పేసింది.

"కార్తీకం దాకా చూస్తాను. ఆ తర్వాత మా బావను చేసుకుంటాను. వాడు చీర రంగు అడగడు."

పెద్దవాడు బయల్దేరాడు. మొదటి సముద్రంలోనే వాంతులై తిరిగొచ్చాడు. రెండోవాడు బయల్దేరాడు. మూడో సముద్రం ఒడ్డున చేపలపులుసు బాగుందని అక్కడే ఉండిపోయాడు. మూడోవాడు బయల్దేరాడు. తాబేలు వీపెక్కి ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు.

"ఇంకెంత దూరం, తాబేలు తాతా?"

"నువ్వు అడగడం మానేసేంత దూరం."

మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందని తాబేలే చెప్పింది. ఆ చిలక ఎండపడే కిటికీలో, బంగారు పంజరంలో ఉంది. వసంతుడు పంజరం అందుకుని, "మా ఎరుపు ఇస్తావా, దీని పీక నులమనా?" అన్నాడు.

మాంత్రికుడు బావురుమన్నాడు. "మీ ఎరుపు నాకెందుకయ్యా? ముందు నా ఆకుపచ్చ ఇవ్వు. తమలపాకులా ఉండే చిలక ఎండుగడ్డిలా అయింది. ఎవడో రాజు పనే ఇది."

ఇద్దరూ ఒకరినొకరు దొంగ అని తిట్టుకున్నారు. చిలక విసుక్కుంది. "పెద్దమనుషులూ, కాస్త నా రెక్క ఎత్తి చూడండి."

ఎత్తారు. రెక్క కింద పచ్చపచ్చగా ఉంది.

"ఎండ తగలనిచోట రంగుంది, తగిలినచోట పోయింది. పన్నెండేళ్లుగా నీడలో పెట్టమంటున్నాను. అందానికి కిటికీలోనే ఉండాలంటాడు ఈయన."

వసంతుడు పంజరాన్ని నీడలోకి మార్చాడు. "ఈకలు రాలి కొత్తవొస్తాయి. నీ ప్రాణం మళ్లీ పచ్చబడుతుందిలే," అన్నాడు. మాంత్రికుడు మురిసిపోయి ఎగిరే చాప ఇచ్చి పంపాడు.

కార్తీకం రేపు ముగుస్తుందనగా వసంతుడు కోటగుమ్మం ముందు దిగాడు. చీర దించి, దూలానికి చుట్టిన మడత విప్పాడు. లోపల మందారంలాంటి ఎరుపు.

"దొంగ సూర్యుడు, నాన్నగారూ. రోజుకో గుక్క తాగాడు."

"వాడికి చీర అందించిందెవడు?" అని రాజు మీసం మెలేశాడు. అందరూ ఆయనవైపే చూశారు.

రాజు గొంతు సవరించుకున్నాడు. "మరి నా తెల్ల తలపాగా? భద్రంగా పెట్టెలో దాచాను. పసుప్పచ్చగా అయింది. సూర్యుడు పెట్టెలోకి దూరాడా?" అని దాన్ని తెప్పించాడు.

తండ్రితో కలిసి అక్కడికి వచ్చిన కెంపమ్మ తలపాగా వాసన చూసి ముక్కు మూసుకుంది. "ఉతక్కుండా దాచారు, మామగారూ. తమరి తలనూనె, చెమట అందులోనే పాతబడి రంగు మారాయి."

మామగారూ అన్న పిలుపుకే రాజు మెత్తబడ్డాడు. నూకయ్య మడతలోని ఎరుపు చూసి, చీరంతా అదే రంగు అద్దాడు. కెంపమ్మ అది కట్టుకుని పెళ్లిపీటలెక్కింది. మర్నాడు రాజు అలవాటుగా చీర పట్టుకుని గుమ్మంవైపు నడిచాడు. కొత్తకోడలు లాక్కుని, ఉతికి, నీడన ఆరేసి, పెట్టెలో పెట్టింది.

వసంతుడూ కెంపమ్మా ఎన్నో ఏళ్లు రాజ్యమేలారు. ఏలీ ఏలీ ఇద్దరి తలలూ తెల్లబడ్డాయి. ఆ నలుపు ఎవడెత్తుకుపోయాడని మాత్రం ఎవరినీ సముద్రాలు దాటించలేదు.