కోటిలింగం అంచులు

శిష్యులు ఏదడిగినా భుజంగరావు గారు వెంటనే జవాబు చెప్పేవారు కారు. చీరాలలో ఓ మేడమీది గదిలో ఏళ్ల తరబడి పైథాన్ అనే కంప్యూటర్ భాష చెప్పి చెప్పి అలసిపోయారాయన. వాదించే ఓపిక లేదు.

ఒక ఉదయం తహసీన్ అనే శిష్యురాలు అడిగింది: “సార్, పైథాన్‌లో ఉన్న పికిల్ వాడితే ఎంత పెద్ద జాబితా అయినా ఒక్క లైనుతో ఫైల్లోకి పోతుంది, ఒక్క లైనుతో తిరిగొస్తుంది. మీరు మాత్రం ప్రతిదానికీ పేరు పెట్టి, మనిషి చదవగలిగేలా జేసన్ పద్ధతిలో రాయమంటారు. ఎందుకండీ ఈ చాకిరీ?”

ఆయన కళ్లజోడు తుడుచుకుని తన పనిలో పడ్డారు.

ఆ మధ్యాహ్నం హైమవతి వచ్చింది. ఆమె తండ్రి కోటిలింగం పేరున్న నేతగాడు. చీర అంచుల్లో ఆయన వేసిన పూలు మరొకరికి పట్టుబడేవి కావు. చూపు మందగిస్తున్న రోజుల్లో ఆయన గళ్ల కాగితాలు ముందేసుకుని గడిగడికీ రంగు చెబుతుంటే, భుజంగరావు గారే నలభై అంచుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. పన్నెండేళ్ల కిందటి మాట అది. తర్వాత తుఫానులో ఆ కాగితాలు తడిసి ముద్దయ్యాయి. కంప్యూటర్లో ఉన్నాయిలే అని ఇంట్లో ఎవరూ దిగులుపడలేదు. కోటిలింగం పోయి రెండేళ్లు. ఇప్పుడా మగ్గం మీద కూర్చునేది హైమవతే.

“నాన్న అంచు ఒక్కటైనా మళ్లీ నెయ్యాలనుందండీ,” అంటూ ఆ ఫైలున్న పెన్‌డ్రైవ్ ఇచ్చింది.

తహసీన్ తెరవబోతే పైథాన్ ఒప్పుకోలేదు. ‘అంచు’ అనే క్లాసు, అంటే అంచును వివరించే కోడు, కనబడడం లేదంది. అప్పుడు వాడిన పికిల్ అంచుల్ని దాచింది గాని, ఆ క్లాసున్న ప్రోగ్రామును దాచలేదు. అది పాత కంప్యూటర్‌తోపాటే పోయింది. అదే పేరుతో ఖాళీ క్లాసు ఒకటి రాయమన్నారు గురువుగారు. రాసింది. ఫైలు తెరుచుకుంది. నలభై అంచులూ వరుసలు వరుసలుగా అంకెలై వచ్చాయి. ఒక గడిలో ఒకటి, ఒక గడిలో నాలుగు, ఒక గడిలో ఏడు.

“ఏడంటే ఏ రంగండీ?” అంది హైమవతి.

భుజంగరావు గారు తెర మీది అంకెల్ని పైనుంచి కిందిదాకా చూశారు. ఏ అంకె ఏ రంగో చెప్పే పట్టిక ఆ ప్రోగ్రాములోనే ఉండేది.

“గుర్తులేదమ్మా.”

“నాన్న రంగు పేరే చెప్పారండీ. అంకె మీరు కొట్టారు. నేను పక్కనే ఉన్నాను.”

“అవునమ్మా. నేనే కొట్టాను.”

హైమవతి ఒక అంచును కాగితం మీద అచ్చు వేయించుకుని వెళ్లిపోయింది.

నెల తర్వాత చీర తెచ్చి చూపించింది. తనకు తోచిన రంగులు వేసింది. పనితనంలో వంక పెట్టడానికి లేదు. తహసీన్ మెచ్చుకుంటే మెల్లగా తల ఊపింది.

“బాగానే కుదిరింది. నాన్నది మాత్రం కాదండీ,” అని మడత పెట్టుకుని మెట్లు దిగింది.

ఆమె అడుగుల చప్పుడు ఆగింది. తర్వాత భుజంగరావు గారు తహసీన్ వైపు తిరిగారు.

“చాకిరీ ఎందుకని అడిగావు. ఆ ఫైల్లో ఒక్క అంకె కూడా చెడిపోలేదు, చూశావుగా.”