చిట్టి బండికి ఆరని నూనె

“పైడమ్మా! ఓ పైడమ్మా!” అని గానుగ గుమ్మంలో నిలబడి కేకేశాడట అప్పలాచారి.

ఎవరా అప్పలాచారి అంటావా? ఇలా దగ్గరికి జరుగు తల్లీ, చెబుతా. అనగనగా ఒక ఊళ్ళో వడ్రంగం చేసుకునే కుర్రాడు. వాళ్ళక్క కూతురు చిట్టికి నడక నేర్పడానికి టేకుతో మూడు చక్రాల బండి చేశాడు. మెరవాలని కొట్లోంచి రంగు తెచ్చాడు. డబ్బా మూత తీయగానే ఇంటిల్లిపాదికీ కళ్ళు మండాయి. కాస్త ఒలికితే పెరట్లో కాకరపాదు మాడిపోయింది.

“ఒరేయ్, చిట్టి దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. నాకినా ఏమీ కానిదే పుయ్యి. లేదంటే బండిని దీని దగ్గరికి రానివ్వను!” అంది అక్క.

అందుకే గానుగకి వచ్చాడన్నమాట. గానుగాయన కూతురే పైడమ్మ. ఆ పిల్ల నవ్వితే గానుగెద్దు కూడా ఆగి చూసేదట. నువ్వుల నూనె ఇచ్చింది.

అది పూశాడు. ఆరలేదు సరికదా, తెల్లారేసరికి బండి నిండా చీమలే. చిట్టికంటే ముందు అవే బండెక్కాయి!

ఆ తర్వాత ఆముదం ఇచ్చింది. అదీ ఎంతకీ ఆరదే! కోడి వచ్చి ఒళ్ళు రుద్దుకుంది. బండికి ఈకలు మొలిచాయి.

“ఇది బండా, కోడిపెట్టా?” అని అక్క ఒకటే నవ్వు. చిట్టి మాత్రం బండికేసి చేతులు చాచి ఏడ్చింది.

“మా గానుగెద్దుకంటే నువ్వే ఎక్కువ తిరుగుతున్నావు,” అంది పైడమ్మ, అతను మూడోసారి వచ్చినప్పుడు.

అతను నవ్వలేదు. “పిల్ల గోడ పట్టుకుని లేస్తోంది పైడమ్మా. పట్టుకు నడవడానికి ఏమీ లేక కూలబడుతోంది.”

పైడమ్మ మొహం చిన్నబోయింది. గబగబా లోపలికెళ్ళి అవిసె గింజల నూనె తెచ్చింది. అవిసె చేను పూస్తే ఎలా ఉంటుందో తెలుసా? ఆకాశం కిందికి దిగి పడుకున్నట్టు, అన్నీ నీలం పూలే.

“పల్చగా రుద్ది, మిగిలింది తుడిచెయ్. తుడిచిన గుడ్డ ఉండ చుట్టి పడెయ్యకు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. ఆరుబయట పరిచి ఆరెయ్,” అంది.

కొన్నాళ్ళకి నూనె చెక్కలోకి ఇంకి, ఆరి, టేకు బంగారంలా తేలింది. చీమ రాలేదు, ఈక అంటలేదు. చిట్టి ముందు పిడి కొరికి చూసింది. ఆ తర్వాత లేచి, తోసుకుంటూ, కేరింతలు కొడుతూ, నేరుగా గానుగ దాకా నడిచింది! వెనకే అప్పలాచారి.

“ఇది ఆరే నూనె అని నీకు ముందు తెలీదా?” అనడిగాడు.

పైడమ్మ కొంగు మెలేసింది. ఎద్దు కూడా ఆగింది.

“మొదటి రోజే తెలుసు,” అంది. “ఆరేది ఇచ్చేస్తే మళ్ళీ రావుగా! నువ్వు రావాలనే ఆరనివి ఇచ్చాను.”

కథబండి కంచికి, కనురెప్ప కలలోకి!