గొట్టంలో వెలుతురు

గురి చూసి కొట్టడంలో విఠల్‌కి చుట్టుపక్కల సాటి లేరని పేరు. ఇంట్లో అద్దాల బీరువా నిండా పతకాలే. అయినా చిన్నప్పుడు గురి నేర్పిన దస్తగీర్ ఉస్తాద్ అతని చేతిలోంచి తుపాకి అందుకునే ముందు ప్రతిసారీ దాని గొట్టంలోకి ఒకసారి తొంగి చూసేవారు.

విఠల్ అప్పుడే చూసి, ఖాళీగా ఉందని చెప్పి ఇచ్చినా సరే. పక్కన పదిమంది ఉన్నా సరే. ముసలాయన వంగి, ఒక కన్ను మూసి, కీలు దగ్గర విరిచి తెరిచిన గొట్టంలోంచి అవతలి వెలుతురు చూసుకుని "కనబడ్డది" అన్నాకే చెయ్యి చాచేవారు. చిన్న పిల్లలు సరే, నాకు కూడానా అని విఠల్‌కి లోపల్లోపల ఉడుకుమోత్తనంగా ఉండేది.

వికారాబాద్ గుట్టల కింద ఉస్తాద్‌కి ఒక జామతోట ఉంది. తోట చివర ఎత్తుగా పోసిన మట్టికట్ట, దాని ముందు కర్రలకు తగిలించిన పాత పెళ్ళిపత్రికలు. ఇంటింటా మిగిలిపోయిన పత్రికలన్నీ ఆయనకే చేరేవి. వెనకవైపు బొగ్గుతో గుండ్రంగా చక్రం గీసి పిల్లల చేత గురి పెట్టించేవారు. ఆ వధూవరుల కాపురాలు మాత్రం చల్లగానే ఉన్నాయి, ఎవరూ వచ్చి ఫిర్యాదు చెయ్యలేదు.

ఆ తుపాకులు గాలి బలంతో చిన్న సీసపు గుండు కొట్టేవి, అందరూ చర్రా తుపాకులనేవారు. ఆటబొమ్మలే కదా అని ఎవరైనా అంటే, "కన్ను తీస్తందుకు గంత చాలు" అనేవారు ఉస్తాద్. ఆదివారం పొద్దున కుటుంబాలకు కుటుంబాలు టిఫిన్ డబ్బాలు పట్టుకుని వచ్చేవి. పెద్దవాళ్ళు రాకుండా పిల్లల్ని ఒక్కళ్ళనే పంపిస్తే, గేటు దగ్గరే చేతిలో ఒక జామకాయ పెట్టి వెనక్కి పంపేవారు. ముందు అమ్మో నాన్నో నేర్చుకోవాలి, ఆ తర్వాతే పిల్లలు. అది ఆ తోట పద్ధతి.

ఉస్తాద్ మెడలో ఈల వేసే ఇత్తడి సీటీ ఒకటి వేలాడుతూ ఉండేది. అది మోగిందంటే అందరూ తుపాకులు కింద పెట్టి సున్నపు గీతకి ఇవతలకి రావాలి. మళ్ళీ మోగేదాకా ఎవరూ వాటిని ముట్టుకోకూడదు. ఆ సీటీ ఎవరి మెడలో ఉంటే తోట వాళ్ళ మాట వింటుంది. ఉస్తాద్‌కి మోకాళ్ళు అరిగిపోయాయి, ఎక్కువసేపు నిలబడలేకపోతున్నారు. ఆ సీటీ విఠల్‌కే వస్తుందని అందరికీ తెలుసు. ఉస్తాద్ ఒక్కరే ఆ మాట అనడం లేదు.

ఒక ఆదివారం అందరూ వెళ్ళిపోయాక విఠల్ ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"ఉస్తాద్, ఒక మాట అడుగుత. ఏమనుకోవద్దు. పిల్లలకు నేర్పేతందుకు మీరు సరే అని ఇజాజత్ ఇస్తరని ఎన్నొద్దుల సంది చూస్తున్న. మీరేమో నా చేతులకెల్లి తుపాకి తీస్కున్నప్పుడల్ల మళ్ళ చూస్తరు. నా మీద నమ్మకం లేదా?"

ఉస్తాద్ నూనెగుడ్డతో తుపాకి తుడుస్తున్నారు. విఠల్ ఆగకుండా అన్నాడు.

"మీరిస్తె నేను చూస్తనా? కండ్లు మూస్కొని తీస్కుంట. గంత నమ్మకం నాకు మీరంటె."

నూనెగుడ్డ ఒక్క క్షణం ఆగింది.

"నీ బిడ్డకు ఎన్నేండ్లు బేటా?"

"ఎనిమిది నిండినయ్."

"వచ్చే ఆదివారం తోల్కరా. తల్లిని గూడ. నువ్వు మాత్రం ఆమెకేం చెప్పకు. నేను చెప్త."

అడిగిందొకటి, చెప్పిందొకటి. విఠల్ ముఖం మాడ్చుకుని ఇంటికి పోయాడు. కన్నకూతురికి తుపాకి పట్టడం నేర్పే భాగ్యం కూడా తనకి లేకపోయిందని దారంతా గొణుక్కున్నాడు.

అతని భార్య సుగుణ కుక్కర్ కూత వేస్తేనే ఉలిక్కిపడే మనిషి. ఆమెనీ, కూతురు లాస్యనీ ఉస్తాద్ చాప మీద పక్కపక్కన కూర్చోబెట్టుకున్నారు. విఠల్‌కి పత్రికలు తగిలించే పని అప్పగించారు. రాష్ట్రమంతా పతకాలు కొట్టినవాడు పెళ్ళిపత్రికలకు దారాలు కట్టుకుంటూ దూరం నుంచి చూస్తూ ఉండిపోయాడు.

ఆ ఆదివారాల్లో ఒక్క గుండు కూడా పేలలేదు. గొట్టాన్ని మధ్యలో విరవడం, వెనకనుంచి చూడడం, "కనబడ్డది" అనడం, అలా విరిచినదాన్నే పక్కవాళ్ళకి అందించడం. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి తల్లికి. మొదట్లో సుగుణ చేతులు వణికేవి. మూడోవారానికి వణుకు పోయి, కూతురు గొట్టంలోకి సరిగ్గా వంగి చూడకపోతే తొడపాశం పెట్టేదాకా వచ్చింది.

ఆ చాపని చూస్తుంటే విఠల్‌కి తండ్రి గుర్తొచ్చాడు.

తండ్రి మాణయ్య ఆర్టీసీ డ్రైవరు. వారానికి దొరికే ఒక్క సెలవూ కొడుకు కోసమే ఖర్చు పెట్టేవాడు. సైకిలు ముందు బద్దె మీద తువ్వాలు చుట్టి విఠల్‌ని కూర్చోబెట్టుకుని, ఉడకబెట్టిన పల్లీలు జేబులో పోసుకుని బయల్దేరేవాడు. ఇదే జామచెట్ల కింద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నేర్చుకున్నారు. తండ్రి పట్టుకున్న గొట్టంలోంచి మొదటిసారి చూసినప్పుడు అవతల చిన్న గుండ్రటి ఆకాశం, అందులో ఒక జామాకు. "కనబడ్డది నాయినా" అని అరిచాడు. ఆ ఆకు అతనికి ఇప్పటికీ గుర్తే.

తిరిగి వెళ్ళేటప్పుడు దారిలో ఇద్దరూ ఒక ఆట ఆడేవారు. మాణయ్య సైకిలు పంపు తీసి "ఇంద" అని అందించేవాడు. విఠల్ చేతులు వెనక్కి కట్టుకుని తల అడ్డంగా ఊపేవాడు. చూపించకుండా ఇస్తే తీసుకోకూడదు, ఇచ్చేది ఎవరైనా సరే. అది ఉస్తాద్ చెప్పిన మొదటి మాట. తండ్రి పంపుని తుపాకిలా విరిచినట్టు నటించేవాడు, కొడుకు పడీ పడీ నవ్వేవాడు.

ఆ ఆట ఎప్పుడు ఆగిపోయిందో విఠల్‌కి గుర్తు లేదు. పతకాలు రావడం మొదలయ్యాక కావచ్చు. తండ్రి ఇంకా ఉంటే మనవరాలిని అదే బద్దె మీద తీసుకొచ్చేవాడని తోచి, వేసిన ముడినే మళ్ళీ వేశాడు.

ఒక ఆదివారం ఉస్తాద్ అతన్ని గీత దగ్గరకి పిలిచారు.

"ఇయ్యాల నీ బిడ్డ మొదటి గుండు కొడ్తది. తుపాకి నువ్వే ఇయ్యి. సీటీ సంగతి గూడ మధ్యాన్నం మాట్లాడుకుందం."

విఠల్‌కి ఒళ్ళంతా పులకరించింది. తోటంతా గీత వెనక చేరింది. సుగుణ ఫోటో కోసం ఫోను ఎత్తి పట్టుకుంది. లాస్య కళ్ళకి పెద్ద అద్దాలు పెట్టుకుని, జడ వెనక్కి వేసుకుని సిద్ధంగా నిలబడింది.

విఠల్ తుపాకి తీసుకున్నాడు. విరిచి చూశాడు, ఖాళీగా ఉంది. టక్కుమని మూశాడు. మూతి మట్టికట్ట వైపే ఉంచి, ఫోటోలో బాగా పడేటట్టు నిలబడి, కూతురికి అందించాడు.

లాస్య రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"తీస్కో బిడ్డా."

తీసుకోలేదు.

"భయమైతుందా? ఏం కాదు. ఖాళీగుంది, నేనిప్పుడే చూసిన."

"నువ్వు చూసినవ్ డాడీ," అంది లాస్య. "నేను చూడలె."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. విఠల్‌కి తల కొట్టేసినట్టయింది. నలుగురి ముందు, అదీ కూతురి చేతిలో. కోపం నోటిదాకా వచ్చింది. అద్దాల వెనక ఆ పిల్ల కళ్ళు చూశాడు. వాటిలో పొగరు లేదు, అతను ఎప్పుడు చూపిస్తాడా అన్న ఎదురుచూపు తప్ప. సైకిలు పంపు పట్టుకున్న తండ్రి చెయ్యి కళ్ళ ముందు మెదిలింది. 

గొట్టం విరిచి, వంగి, కూతురి కళ్ళ ఎత్తుకి పట్టుకున్నాడు. లాస్య ఒక కన్ను గట్టిగా మూసుకుని చూసింది.

"కనబడ్డది."

అప్పుడు తీసుకుని గుండు పెట్టింది. ఆమె కొట్టిన మొదటి గుండు చక్రం దరిదాపులకి కూడా పోలేదు. పత్రిక మూలన 'సకుటుంబ సపరివార' అన్న చోట చిన్న చిల్లు పడింది. అయినా సుగుణ మురిసిపోయి, ఆ పత్రికని ఇంటికి తీసుకుపోతానని అక్కడే చెప్పేసింది.

విఠల్ మాత్రం పక్కకి తప్పుకున్నాడు. సీటీ సంగతి ఇక అడిగే ముఖం తనకి లేదనుకున్నాడు.

మధ్యాహ్నం అందరూ చెట్ల కింద చేరి డబ్బాలు విప్పుకున్నారు. ఉస్తాద్ కర్ర పట్టుకుని మెల్లగా లేచారు. పక్కనున్న తుపాకి తీసి, లోపల చూసుకుని, మూశారు. మూతి మట్టికట్ట వైపే ఉంచి విఠల్‌ని పిలిచారు. అతను దగ్గరకి రాగానే మూసిన తుపాకి మూసినట్టే ముందుకి చాచారు.

"ఖాళీగుంది బేటా. తీస్కో."

ఇన్నేళ్ళలో ఆయన అలా మూసినది ఇవ్వడం విఠల్ ఎరగడు. ఆ గొంతు అతనికి ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. తండ్రి పోయిన రోజు భుజం పట్టుకుని నిలబెట్టింది ఆ చేతులే. ఆ చేతులు ఏమిచ్చినా కళ్ళకద్దుకుని తీసుకోవడమే అతనికి తెలుసు. అతని చేతులు వాటంతటవే ముందుకి వెళ్ళాయి.

సగంలో ఆగాయి.

వద్దంటే ఉస్తాద్‌ని అవమానించినట్టు అవుతుందేమో అనిపించింది.  పక్కన లాస్య చేతిలో పులిహోర ముద్ద అలాగే పట్టుకుని అతన్నే చూస్తోంది.

విఠల్ రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"నేను చూడలె ఉస్తాద్," అన్నాడు. 

ఉస్తాద్ గొట్టం విరిచి పట్టుకున్నారు. విఠల్ వంగి, ఒక కన్ను మూసి చూశాడు. చిన్న గుండ్రటి వెలుతురు. అందులో మట్టికట్ట మీది గడ్డి కదులుతోంది.

"కనబడ్డది."

తుపాకి అతని చేతికిచ్చి, ఉస్తాద్ మెడలోని ఇత్తడి సీటీ తీసి అతని మెడలో వేశారు.

"ఇన్నేండ్లు నన్ను నమ్మినవ్," అన్నారు. "ఇగ చాలు బేటా."