కావలి గిన్నె, తప్పని దరువు

అనగా అనగా, పేరు మరిచిపోయిన ఒక కొండకోట. దాని చుట్టూ శత్రువుల డేరాలు.

కోటగోడ పొడవునా గుంటలు తీసి, ఒక్కో గుంటలో నీళ్లు నింపిన ఇత్తడి గిన్నె పెట్టారు. శత్రువు నేల కింద సొరంగం తవ్వితే ఆ నీళ్లు వణుకుతాయి. గిన్నెలకు కావలి పోలినాయుడు. అనుమానం అతనికి ఉగ్గుపాలతో అబ్బింది. తన నీడనైనా ఆపి, ఎందుకు వెంటపడుతున్నావని అడిగే రకం.

ఒకనాడు పడమటి గిన్నెలో నీళ్లు అంచుదాకా ఊగాయి. తవ్వి చూస్తే కింద మట్టీ రాళ్లూ తప్ప ఏమీ లేవు. మర్నాడూ అంతే.

నాయుడు ముందు బావి పూడిక తీసే సింగన్నను అనుమానించాడు. అతన్ని చెరలో పెట్టించినా నీళ్లు ఊగాయి. తర్వాత వడ్లు దంచే అచ్చమ్మను అనుమానించాడు. ఆమె రోలు బోర్లించినా నీళ్లు ఊగాయి. మూడోసారి చూపు గంగులు మీద పడింది.

గంగులు కొలిమి దగ్గర డోలు వాయించే ముసలివాడు. ఆ దెబ్బకే నలభై సమ్మెటలు ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా పడేవి. అతని దరువు వెంట్రుకవాసి తప్పదని కోటంతా చెప్పుకునేది. శత్రువుకు సైగలు చేస్తున్నది వీడేనని నాయుడు రాజుతో చెప్పాడు. గంగులును బంధించగానే గిన్నె నిమ్మళించింది. ఇంకేముంది, దొంగ దొరికాడన్నారు. తెల్లారగానే గోడ మీంచి తోసెయ్యమని రాజాజ్ఞ.

నాయుడికి మాత్రం అన్నం సహించలేదు. ఈసారి తన అనుమానం మీదే అనుమానం పుట్టింది. డోలు ఆగితే సమ్మెటలూ ఆగాయి కదా? సిగ్గు చంపుకుని చెరకు వెళ్లి, ముసలివాణ్ణే అడిగాడు.

గంగులు వేలితో నేల మీద దరువు వేసి చూసుకున్నాడు. "ఉయ్యాలను ప్రతిసారీ ఒకే అదనుకు తోస్తే ఊగక ఏం చేస్తుంది నాయుడుబాబూ? నలభై సమ్మెటల దెబ్బ ఆ నీళ్లను అలాగే తోసింది. నా దరువు తప్పకపోవడమే తప్పయింది."

నాయుడు వేడుకోగా, తెల్లవారి రాజు ఎదుట గంగులు డోలు అందుకున్నాడు. వెంట్రుకవాసి నిదానించి, వెంట్రుకవాసి తొందరించి, దరువును మెల్లమెల్లగా అటూ ఇటూ ఊపుతూ వాయించాడు. సమ్మెటలు తడబడలేదు, కత్తుల పని ఆగలేదు. గిన్నెలో నీళ్లు కాస్త చెదిరి ఊరుకున్నాయి. రాజు అతన్నీ, చెరలో ఉన్న సింగన్ననూ విడిచిపెట్టాడు. తప్పని దరువనే పేరు పోయినందుకు ముసలివాడి కళ్లు మాత్రం చెమర్చాయి.

మూడోనాడు సమ్మెటలు పడుతుండగానే పడమటి గిన్నె మళ్లీ ఊగింది. నాయుడు ఈసారి ఎవరి మొహమూ చూడలేదు, నేల తవ్వించాడు. మూడు బారల లోతున గునపాలతో శత్రువులు దొరికారు. నీళ్లు పాత దరువుకే ఊగుతూ ఉండుంటే ఆ వణుకు ఎవరికి తెలిసేది?

ఇప్పటి కంప్యూటర్లలోనూ ఒక గంగులు ఉన్నాడు. లోపలి పనంతా నడిపే గడియారం అది. తప్పని దరువు కొడితే పక్కనున్న రేడియో గోల పెడుతుందని, ఆ గడియారానికీ వెంట్రుకవాసి ఊగడం నేర్పారు.

మన పట్టు వెంట్రుకవాసి సడలిస్తే మన పని చెడదు, పక్కవాడి పని బాగుపడుతుంది.