శాంతిహోమంలో రాజుకోని అగ్ని

పూర్వం త్రేతాయుగంలో, పింగళదేశాన్ని ఏలే అమితవర్మ మహారాజుకూ పొరుగునున్న శాల్మలరాజుకూ పన్నెండేళ్ల పాటు ఘోరయుద్ధం జరిగి, గెలిచిందెవరో ఓడిందెవరో ఇరుపక్షాలకూ తెలియనంతగా అలసిపోయిన పిదప, ఒక ఆషాఢమాసంలో సంధి కుదిరింది. ఆ దేశంలో ఒక ఆచారం ఉండేది. సైన్యం తొక్కిన నేలలో శాంతిహోమం పూర్తికానిదే నాగలి దించరాదు. ఆ హోమానికి రాజగురువైన ఆర్జవ మహర్షి స్వహస్తాలతో అరణి మథించి అగ్నిని పుట్టించాలి. వేదవేదాంగ పారంగతుడు, తపోధనుడు, జితేంద్రియుడు అని లోకం కొనియాడే ఆ మహానుభావుడు జయించలేకపోయిన ఇంద్రియం ఒక్కటే, నాలుక. కోపం వస్తే ఆయన నోటికి ఎదురు నిలిచినవారు లేరు.

మూడు రోజులు మథించాడు. నిప్పు పుట్టలేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. వాన పడి నేల పదునెక్కి ఉంది, ఇంకో నాలుగు రోజులకు అదను దాటిపోతుంది, దాటితే ఏడాదంతా దేశానికి పస్తులే. యాగశాల చుట్టూ రైతులు కాడి కట్టిన ఎద్దులతో నిలబడి, ఆయన చేతులకేసే చూస్తున్నారు. ఆ చూపులకు మహర్షికి ఒళ్లు మండిపోయి, అరణిని నేలకు విసిరికొట్టి, తనను ఇంతమందిలో నవ్వులపాలు చేయడం న్యాయమా అని అగ్నిదేవుణ్ణి నిలదీశాడు.

అప్పుడు చల్లని వేదికలోంచి గంభీరమైన స్వరం వినిపించింది. "ఆర్జవా, పన్నెండేళ్లు మీ రాజులు నన్ను ఊళ్ల మీదికి తోలారు. ఊళ్లు కాలాయి గాని వాటి సిరి కాలలేదు, అది కొన్ని ఇళ్లకు చేరింది. దాన్ని కాలిన ఇళ్లకు తిరిగి ఇస్తామని అది చేరిన ప్రతి ఇల్లూ మాట ఇచ్చేదాకా ఈ అరణిలో నేను పుట్టను."

ఆ ఇళ్లేవో చెప్పడానికి జ్యోతిష్కులు అక్కర్లేదు. సేనకు ఇనుమూ గుర్రాలూ ధాన్యమూ అమ్మిన వర్తక శ్రేణికి అధిపతి లోహదత్త శ్రేష్ఠి. యుద్ధానికి ముందు ఒక్క అంగడితో బతికినవాడు, ఇప్పుడు ఏడంతస్తుల మేడలో ఉంటున్నాడు. రాజు అతణ్ణి యాగశాలకే పిలిపించి, యుద్ధలాభం మీద పన్ను వేసి కాలిన ఊళ్లకు పంచదలిచానని చెప్పాడు.

శ్రేష్ఠి చేతులు జోడించాడు. "ప్రభూ, ధర పెంచింది మేము కాదు, కొరత. దొంగలున్న అడవుల్లో ప్రాణాలకు తెగించి మా బళ్లు ఇనుము తెచ్చాయి కనుకనే మీ కోట నిలిచింది. ఇవాళ మా లాభం ఊడ్చుకుంటే రేపు యుద్ధం వచ్చిననాడు బండి కట్టేదెవరు?"

"కట్టేవాడు లేకపోతే యుద్ధమే రాదేమో, అదీ చూద్దాం" అని మహర్షి గొణిగాడు.

శ్రేష్ఠి మాటలో కొంత నిజం ఉంది. అందుకే రాజు మెత్తబడి, పదోవంతు చాలన్నాడు. మహర్షి మథించాడు, కట్టె వెచ్చబడనైనా లేదు. రాజు సగమన్నాడు. పొగ మాత్రం లేచి సరాసరి మహర్షి కళ్లలోకి పోయింది. ఆయనకు ఓపిక నశించింది.

"రాజా, అగ్నిహోత్రుడితో గీచి గీచి బేరమాడుతున్నావా? శాంతికాలంలో వచ్చేపాటి లాభం వారికే వదిలెయ్. కత్తి దూసినందువల్ల పెరిగినదానిలో పదింట తొమ్మిది పాళ్లు తీసుకో. మగణ్ణి పోగొట్టుకున్న ఇల్లాలు ఈ యుద్ధంలో ఏం గడించిందని ఇతడు ఇంత గడించాలి?"

రాజు తల ఊపాడు. లోహదత్తుడు రైతులకేసి చూసి, సమ్మతించి శ్రేణి అంతటి తరఫునా మాట ఇచ్చాడు. మహర్షి విజయగర్వంతో మళ్లీ అరణి పట్టాడు. ఈసారి పొగైనా రాలేదు.

ఇక ఆయన ఆగ్రహం కట్టలు తెంచుకుంది. సొమ్ము దాచావనీ, కుటిలుడవనీ, నీ వంశం పిశాచజన్మలెత్తుతుందనీ శ్రేష్ఠిని తిట్టిపోశాడు. శ్రేష్ఠి అన్నీ విని, నెమ్మదిగా అన్నాడు. "స్వామీ, మా ఇళ్లు వెతికించండి. ఒక్కమాట అడుగుతాను, తప్పయితే శపించండి. యుద్ధానికి ముందు మీ ఆశ్రమంలో ఆవులెన్ని?"

మహర్షి మనసులో లెక్క వేసుకున్నాడు.

మూడు. ఇప్పుడు మూడువందలకు పైమాటే. పన్నెండేళ్లపాటు ప్రతి పున్నమికీ అమావాస్యకూ రాజుకోసం జయహోమం చేసి, హోమానికొక పాడియావును దక్షిణగా పుచ్చుకున్నాడు. అది ధర్మమే అనుకున్నాడు. ఆరో ఏట సంధిమాట వచ్చినప్పుడు గ్రహాలు అనుకూలంగా లేవని చెప్పి ఆపించినవాడూ తానే. గ్రహాలు నిజంగానే అనుకూలంగా లేవా? గుర్తు తెచ్చుకోబోయి, భయం వేసి, మానుకున్నాడు. ఆ తరువాతి ఆరేళ్లలో కాలిన ఊళ్ల పేర్లు మాత్రం వద్దన్నా గుర్తుకొచ్చాయి. సిగ్గుతో ఆయన కళ్లు నేలకు వాలాయి.

మూడే ఆవులు ఉంచి, పదోపాలైనా మిగుల్చుకోకుండా, తక్కిన మందనంతా కాలిన ఊళ్లకు తోలించమని ఆశ్రమానికి కబురంపాడు. లోహదత్తుడికి అందరి ఎదుటా నమస్కరించి, తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. ఆ తరువాత బొబ్బల చేతులతో అరణి తిప్పాడు. మొదటి తిప్పుకే సప్తజిహ్వలతో హవ్యవాహనుడు ప్రజ్వలించి, ప్రసన్నుడై, వరం కోరుకోమన్నాడు.

మహర్షి కోపం ఇంకా చల్లారలేదు, అయితే అది ఇప్పుడు తనమీదే. "దేవా, ఇకమీదట దక్షిణకోసం జయహోమం చేయబోయేవాడి చేతిలో నువ్వు పుట్టవద్దు. ముందుగా నా చేతిలో" అన్నాడు.

తథాస్తు అన్నాడు అగ్నిదేవుడు. హోమం ముగియగానే నాగళ్లు దిగాయి. పన్ను పింగళదేశంలో శాసనమై నిలిచింది. కొన్నేళ్లకు మంత్రులు మళ్లీ యుద్ధమన్నప్పుడు, ఆ కాస్త లాభానికి అడవులు దాటలేమని వర్తకులు చెప్పారు, జయహోమానికి నిప్పు పుట్టదని మహర్షి చెప్పాడు. శాల్మలరాజుతో కూర్చుని మాట్లాడుకోవడం తప్ప అమితవర్మకు దారి లేకపోయింది.

ఈ కథను శ్రద్ధగా విన్నవారి పొలంలో అదను దాటకముందే విత్తనం పడుతుందని పెద్దలు చెబుతారు. వింటున్నంతసేపూ ఎదుటివాడి లాభాన్నే తలుచుకునేవారికి మాత్రం ఏ ఫలమూ లేదు.