ఎండమ్మ తల్లికి నీళ్ల మొక్కు

మొగలిబంద కొండపై వెలసిన ఎండమ్మ తల్లికి గుడి లేదు, కప్పు లేదు. వరుసలు తీరిన సౌర ఫలకాల నడుమ మోకాలెత్తు రాయిగా తల్లి కొలువై ఉన్నది. పసుపు కుంకుమలు తెచ్చిన యాత్రికులను ఊరివారు గట్టు దగ్గరే ఆపి, చేతికి చెంబెడు నీళ్లు, మెత్తని గుడ్డ ఇస్తారు. కొత్తవారు నొచ్చుకుంటారు. వారి కోసమే ఈ కథ.

పూర్వం ఇక్కడ సుక్కు అనే మేకల కాపరి ఉండేవాడు. పుష్యమాసపు చలిలో మేకలన్నీ ఒకే రాతి చుట్టూ చేరి వెచ్చబడడం చూసి, అది మామూలు రాయి కాదని గ్రహించి ఆకుల పందిరి వేశాడు. గాలికి ఎగిరిపోయింది. మూడుసార్లు వేశాడు, మూడుసార్లూ అంతే. తల్లి కలలో కనిపించి తన వాకిట నీడ పడరాదని ఆనతిచ్చింది. నాటి నుండి ఆ వాలులో ఎవరూ చెట్టు నాటలేదు, ఇల్లు కట్టలేదు.

తరాలు గడిచాయి. కింది ఊళ్లన్నిటికీ కరెంటు వచ్చినా స్తంభాలు ఈ కొండ ఎక్కలేదు. చోళ్లు, అంటే రాగులు, పిండి పట్టించాలంటే ఆడవారు నెత్తిన మూటతో ఘాటీ దిగి మిల్లుకు పోవలసిందే. తల్లి పూజారిణి సీదరి గురుబారి కోడలు చిలకమ్మ అలా దిగుతూ జారిపడి, కాలు విరిగి మంచాన పడింది. అందుకే ప్రభుత్వమూ ఒక కంపెనీ కలిసి వచ్చి, స్థలమిస్తే ఎండతో కరెంటు తీసి ఈ ఊరికే చిన్న గ్రిడ్డు, పిండిమిల్లు పెడతామన్నప్పుడు ముందుగా సరేనన్నది గురుబారే.

రోజంతా ఎండ ఉండే చోటు కొండంతటా తల్లి వాకిలి ఒక్కటే. ఫలకాల నీడ నేల మీద పడుతుంది కదా అని ఊరి పెద్ద జన్ని సింహాద్రి అడ్డుపడ్డాడు. తల్లికి కోపం వస్తే అన్నీ పీకించేస్తానని గురుబారి మాట ఇచ్చాక గాని ఒప్పుకోలేదు. ఊరు ఊరంతా ఇనుప చట్రాలను భుజాన మోసి కొండెక్కించింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇక్కడి మగవారు ఇప్పటికీ మీసం మెలేస్తారు, సగం ఇనుము మోసినది ఆడవారే అయినా.

ప్రారంభం నాడు ఆడవారు భక్తి ఆపుకోలేక తల్లి రాతితో పాటు ప్రతి ఫలకానికీ పసుపు మెత్తి కుంకుమ బొట్లు పెట్టారు. మిల్లు రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. కింద మోటారు పరీక్షిస్తున్న ఇంజినీరుకు పైన జరిగిన పూజ సంగతి తెలియదు. తల్లి అలిగిందన్నాడు సింహాద్రి. గురుబారి మాట తప్పే మనిషి కాదు. కోడలి ముఖం చూడలేక తల వంచుకుని, ఫలకాలు విప్పండని చెప్పి, తప్పు కాయమని తల్లికి నీళ్లు పోసింది. రాతి మీది పసుపు కరిగి జారగానే ఎండ సోకి రాయి మెరిసింది. ఆమె పక్కనే ఉన్న ఫలకం వైపు చూసింది.

"తల్లి నీడ ఒద్దన్నాది. నీడ మనమే ఏసినాం," అన్నది.

కొంగు తడిపి ఆ ఫలకం తుడిచింది. తక్కిన ఆడవారూ చెంబులతో కదిలారు. చివరి వరుస కడిగేసరికి మిల్లు గిర్రున తిరిగింది. ఆ తొలి పిండితో కాచిన అంబలే తల్లికి నైవేద్యమైంది.

నేటికీ మాఘ పౌర్ణమి నాడు అధికారులు, కంపెనీవారు, ఊరివారు ఒకే వరుసలో నిలిచి ముందు తల్లికి నీళ్లు పోస్తారు, తరువాత ఫలకాలు కడుగుతారు. ఈ కరెంటు ఇప్పుడు మరి నాలుగు ఊళ్లకు పోతున్నది. మిల్లు నడిపేది చిలకమ్మ. నీళ్ల మొక్కు తీర్చినవారి ఇంట పిండికీ వెలుగుకూ కొదువ ఉండదని పెద్దల మాట.

పాత మిల్లు దారి చూపమని కొందరు యాత్రికులు అడుగుతుంటారు. చూపడానికి అక్కడ దారి లేదు, గడ్డి మొలిచింది. పదకొండేళ్లుగా మా ఊరి ఆడబిడ్డ ఒక్కతె కూడా నెత్తిన మూటతో ఆ ఘాటీ దిగలేదు.